ఉగాదికి ఇంటి ఉత్తరం: ఏడాది కబుర్లు బంధువులకు రాసి పంపడం ఎలా?

మా నాన్నగారు పోయాక ఊళ్ళో ఇల్లు సర్దుతుంటే, దూలానికి వేలాడుతున్న ఇనప తీగ ఒకటి కనిపించింది. దానికి గుచ్చిన కార్డులు, ఇన్‌లాండ్ కవర్లు నాలుగు వందల దాకా ఉన్నాయి. ఒక రాత్రంతా కూర్చుని చదివాను. 1986 గోదావరి వరదలో ఎవరెవరు ఎవరింట్లో తలదాచుకున్నారో, బాబాయి మొదటి జీతంతో ఏం కొన్నాడో, మామ్మకి కంటి ఆపరేషన్ ఎప్పుడైందో అన్నీ వాటిలోనే ఉన్నాయి. నా పిల్లలు పుట్టాక గడిచిన ఏళ్ళ గురించి అలాంటి కాగితం ఒక్కటీ లేదు. ఫోన్లో మాత్రం వేల ఫొటోలున్నాయి. ఫ్యామిలీ గ్రూపులో రోజూ ఏదో ఒకటి పెడుతూనే ఉంటాం. అయినా ముమ్మిడివరంలో ఒంటరిగా ఉండే మా దొడ్డమ్మ ఫోన్ చేసి, "పిల్ల ఇప్పుడు ఏ క్లాసే?" అని అడిగింది.

శార్వరి నామ సంవత్సరమంతా కరోనా వల్ల ఎవరి గడప ఎవరూ తొక్కలేదు. అది అయిపోయి 2021 ఉగాది వచ్చినప్పుడు మొదటి ఉత్తరం రాశాను. అప్పటినుంచి ఏటా రాస్తున్నాం. మీరూ రాయాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

ముందు ఒక మనిషిని ఎంచుకోండి

ఉత్తరం నలభై ఇళ్ళకి వెళ్ళినా సరే, రాసేటప్పుడు ఎదురుగా ఒక్కరినే కూర్చోబెట్టుకోండి. "బంధుమిత్రులందరికీ" అని మొదలుపెడితే మాట బిగుసుకుపోయి, అసోసియేషన్ మీటింగులో చదివే రిపోర్టులా వస్తుంది. నేను దొడ్డమ్మకి రాస్తాను. ఆవిడకి ఎనభై దాటాయి. కొడుకు పుణెలో, కూతురు టెక్సాస్‌లో ఉంటారు. ఆవిడకి అర్థం కాని మాట నా ఉత్తరంలో ఉండకూడదన్నది మా ఇంట్లో నియమం. 'ఆన్‌సైట్', 'అప్రైజల్' లాంటివి వస్తే ఆపి, "కంపెనీవాళ్ళు మూడు నెలలు వేరే దేశం పంపారు" అని రాస్తాను. దొడ్డమ్మకి అర్థమైనది అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లలకి కూడా, వాళ్ళమ్మ చదివి వినిపిస్తే, అర్థమవుతుంది.

రోజు విషయానికొస్తే, నాకు ఉగాదే సరిపోయింది. బడి ఏడాది, ఆఫీసు లెక్కల ఏడాది, పంచాంగం ఏడాది మూడూ అటూ ఇటూగా అప్పుడే ముగుస్తాయి. పైగా ఆ ఏటికి ఒక పేరుంటుంది. "క్రోధి నామ సంవత్సరంలో మా ఇంటి కబుర్లు" అని పైన రాసుకుంటే పదేళ్ళ తర్వాత వెతకడం తేలిక. ఇబ్బంది ఒక్కటే. మార్చిలో పరీక్షలుంటాయి. ఇంట్లో పదో తరగతో ఇంటరో ఉంటే ఆ టెన్షన్‌లో ఉత్తరం కదలదు కాబట్టి సంక్రాంతికే పని మొదలుపెట్టాలి. విదేశాల్లో ఉన్నవాళ్ళకి డిసెంబరు సెలవులు వీలు. క్రైస్తవ కుటుంబాలకి క్రిస్మస్ ఉండనే ఉంది. ఏ రోజైనా ఫరవాలేదు కానీ ఏటా అదే రోజు ఉంచండి. రెండో ఏటి నుంచి అవతలివాళ్ళు ఎదురుచూస్తారు.

సరుకు గోడ మీదే ఉంది

ఏడాదంతా గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు. డైరీ రాసే అలవాటు లేని ఇళ్ళలో కూడా గోడకి క్యాలెండర్ ఉంటుంది. మాకు వెంకట్రామా వారిది. తిథి, నక్షత్రం చూసుకోవడానికి కొన్నది కాస్తా, పాలు రాని రోజులు, గ్యాస్ మార్చిన తేదీ, డాక్టర్ అపాయింట్‌మెంట్, బాబు పన్ను ఊడిన రోజు, అన్నీ రాసుకునే చోటయింది. నెల అయిపోగానే ఆ కాగితం చింపకండి, వెనక్కి మడవండి. దానికో పెన్ను దారంతో కట్టండి. రెండు మాటలు చాలు. "మామిడి మొక్క నాటాం", "కరెంటు లేదు, మేడ మీద పడుకున్నాం" అని రాసిపెడితే మిగతాది గడి చూడగానే గుర్తొస్తుంది.

క్యాలెండర్ చూశాక ఫోన్లో ఫొటోలు నెలల వారీగా చూడండి. రైలు టికెట్ల మెసేజ్‌లు, ఆసుపత్రి ఫైలు, బడి నుంచి వచ్చిన కాగితాలు కూడా తీయండి. నెలకి నాలుగైదు విషయాలు ఒక తెల్లకాగితం మీద రాసుకుంటే యాభై దాకా తేలతాయి. ఉత్తరంలోకి వెళ్ళేవి పదో పన్నెండో. మిగతావి ఎవరు తీసేయాలి?

ఇంటిల్లిపాదీ తీసేయాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కూర్చోండి. ఆ కాగితం చూడకుండానే ఒక్కొక్కరూ ఈ ఏడు తమకి గుర్తున్నవి మూడు చెప్పాలి. కిందటేడు నేను అనుకున్న పెద్ద సంగతి కొత్త ఫ్రిజ్. అది ఎవరికీ గుర్తే లేదు. నలుగురిలో ముగ్గురు చెప్పింది, వాన పడి మా వీధి మునిగిన రాత్రి పక్కింటివాళ్ళు పదకొండు మంది మా ఇంట్లో పడుకున్న సంగతి. ఉత్తరం దానితోనే మొదలైంది.

పిల్లల గురించి

చాలా ఉత్తరాలు చెడేది ఇక్కడే. మార్కులు, ర్యాంకులు, మెడల్స్ వరసగా రాస్తే చదివేవాళ్ళకి పిల్ల కనిపించదు. పైగా ప్రతి కుటుంబంలోనూ ఒకే ఈడు పిల్లలు నలుగురైదుగురు ఉంటారు. మీ అమ్మాయి ఎంసెట్ ర్యాంకు మీరు సంతోషంతోనే రాస్తారు. అదే ఉత్తరం అవతలి ఇంట్లో ర్యాంకు రాని పిల్లాడి ముందు గట్టిగా చదువుతారు. ఆ గది ఎలా ఉంటుందో ఊహించండి. ర్యాంకు కబురు ఫోన్‌లో చెప్పండి, ఉత్తరంలో పిల్లల్ని చూపించండి.

చూపించడమంటే ఏడాది కిందట చేయలేని పని, ఇప్పుడు చేస్తున్న పని ఒకటి పట్టుకోవడం. నేను మొదట ఇలా రాశాను: "పాప చదువులో బాగా రాణిస్తోంది, ఆటల్లోనూ చురుకుగా ఉంటోంది." ఇది ఎవరి పిల్లకైనా సరిపోతుంది. కొట్టేసి ఇలా మార్చాను: "పాప ఈ ఏడు సైకిల్ మీద ఒక్కతే ట్యూషన్‌కి వెళ్ళడం మొదలుపెట్టింది దొడ్డమ్మా. మొదట్లో మలుపు తిరిగేదాకా బాల్కనీలోంచి చూసేదాన్ని. ఇప్పుడు చూడట్లేదు. కానీ తొమ్మిదింటికి గేటు చప్పుడు అయ్యేదాకా వంటింట్లో కుక్కర్ పెట్టను, చప్పుడు వినపడదని." ఈ నాలుగు వాక్యాలు చదివి దొడ్డమ్మ ఫోన్ చేసి, వాళ్ళమ్మాయి మొదటిసారి పడవ దాటి కాలేజీకి వెళ్ళిన రోజు గురించి అరగంట చెప్పింది. అంతకుముందు నాకు ఆ సంగతి తెలియదు.

పిల్లలు అన్న మాటల్ని అన్నట్టుగానే రాసిపెట్టుకోండి. రెండు వారాలయితే మన భాషలోకి మారిపోతాయి. పదేళ్ళు దాటిన పిల్లలకైతే తమ గురించి రాసింది ముందు చూపించాలి, వద్దంటే తీసేయాలి. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు స్టేజి మీద పాట మర్చిపోయి ఏడ్చిన సంగతి నేను ముద్దుగా రాశాను. చూపించలేదు. ఆ వేసవిలో పెళ్ళికి వెళితే ముగ్గురు అత్తయ్యలు దాని గురించే అడిగారు. తిరుగు ప్రయాణంలో పిల్ల నాతో మాట్లాడలేదు. అప్పటినుంచి తన పేరా తనే రాస్తుంది. ఎనిమిది వాక్యాలు. తప్పులు దిద్దను, ఒత్తులు మాత్రం సరిచేస్తాను. తెలుగు రాయడం రాని పిల్లలుంటే వాళ్ళు చెబుతుంటే మీరు రాయండి, కింద వాళ్ళ చేత సంతకం పెట్టించండి. మరీ చిన్నవాళ్ళయితే కాగితం మీద చెయ్యి పెట్టించి చుట్టూ పెన్సిల్‌తో గీయండి. ఆ చేతి మీద తన చెయ్యి పెట్టి చూసుకోని తాతయ్య ఉండరు.

బడి పేరు, బస్సు నంబరు, పుట్టినరోజు పూర్తి తేదీ, ఇల్లు తాళం వేసి ఉండే రోజులు రాయకండి. మనం పంపేది మనవాళ్ళకే అయినా, అక్కడినుంచి ఎవరికి ఫార్వర్డ్ అవుతుందో చెప్పలేం.

ప్రయాణాలు

1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పొడుగునా చూసింది రాసి, మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి తెలియజేస్తూ వెళ్ళారు. ఏ ఊరికి ఎంత దూరం, దిగడానికి చోటుందా, నీళ్ళెలా ఉన్నాయి, ఏ సామాన్లు దొరుకుతాయి, దారి రాళ్ళదా ఇసకదా అన్నది ఓపికగా చెప్పారు. దాదాపు రెండు వందల ఏళ్ళయినా చదువుతుంటే కళ్ళకి కడుతుంది. మన ప్రయాణాల గురించి రాయడానికి నాకు అంతకన్నా మంచి దారి తెలియదు. "అరకు చాలా బాగుంది, ఎంజాయ్ చేశాం" అంటే వెళ్ళనివాళ్ళకి ఏమీ అందదు.

అందుకని ఏడాదిలో ఎన్ని ఊళ్ళు తిరిగినా ఒక్క ప్రయాణాన్నే పట్టుకోండి. అందులోనూ ఒక్క పూటని. మేము విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్ళే రైలెక్కి అరకు వెళ్ళాం. ఉత్తరంలో బొర్రా గుహల చరిత్ర రాయలేదు. సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టెలో పిల్లలంతా కలిసి కేకలు వేయడం, బాబు వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టి నలభై దగ్గర నిద్రపోవడం, ఎదురు సీటులో కూర్చున్న పెద్దాయన తన శాలువా తీసి వాడికి కప్పడం రాశాను. చివర రెండు పనికొచ్చే ముక్కలు చేర్చాను: గుహల్లోకి మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం. కొండ మీద డిసెంబరు చలికి స్వెట్టర్ ఒక్కటి చాలదు. ఆ ముక్క చదివి మా పెద్దత్తయ్యగారు ప్రయాణం ఫిబ్రవరికి మార్చుకున్నారు.

కాశీ, రామేశ్వరం లాంటి యాత్రలకి పెద్దవాళ్ళతో వెళ్ళి ఉంటే ఆ కబుర్లు వాళ్ళ నోటితోనే రాయించండి. కాశీలో ఏ కాయ వదిలారో, ఎందుకు ఆ కాయే వదిలారో అడగండి. మా అత్తగారు కాకరకాయ వదిలేశారు. అది మావయ్యగారికి చాలా ఇష్టమని, ఆయన పోయాక వండాలనిపించలేదని అప్పుడే తెలిసింది మాకు.

విమానం టికెట్ల ధర, హోటల్ స్టార్లు ఉత్తరంలో వద్దు. ప్రయాణం చేయలేని ఏడాదైతే సొంతూరు వెళ్ళిన రెండు రోజులే రాయండి. కనుమ నాడు మా కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళి, పొలాల మీదుగా, కౌశిక నది దాటి ప్రభలు మోసుకొచ్చేవాళ్ళ పక్కన పరుగెత్తిన సంగతి టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకి ఏ విదేశీ యాత్ర కన్నా ఎక్కువ.

ఇరుగుపొరుగు, ఊరు

ఈ భాగం చాలామంది రాయరు. నేనూ మొదటి రెండేళ్ళు రాయలేదు. బంధువులకి మన పక్కింటివాళ్ళతో ఏం పని అనుకున్నాను. కానీ దూరాన ఉన్న పెద్దవాళ్ళకి ఉండే బెంగ ఒకటే: మీకేదైనా అయితే పక్కన ఎవరున్నారు? ఆ బెంగకి జవాబు ఈ భాగం.

మేము కోనసీమ నుంచి హైదరాబాద్ వచ్చినవాళ్ళం. బతుకమ్మ పేర్చడం మాకు తెలియదు. కింది ఫ్లోర్‌లో ఉండే వరంగల్ అక్క నేర్పింది. గునుగు పూలకి రంగులు అద్దడం, తంగేడు వరస కింద రావడం, పళ్ళెంలో పూలు జారకుండా మధ్యలో ఆకులు నింపడం అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, మా బతుకమ్మ జానెడే వచ్చింది. చివరి రోజు, సద్దుల నాటికి, మోకాలెత్తు అయింది. ఇదంతా రాసి ఫొటో పెడితే దొడ్డమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఆ అక్కకి పిల్లలెంతమంది?" అప్పటినుంచి ప్రతి ఫోన్‌లోనూ ఆవిడ క్షేమం అడుగుతుంది.

మీరు చేసిన సేవ గురించి రాసేటప్పుడు మాత్రం మీకు సాయం చేసినవాళ్ళని ముందు చెప్పండి. వినాయక చవితికి మట్టి విగ్రహం పెట్టించాం, రక్తదాన శిబిరం పెట్టాం అని రాస్తే, వాటికి రాత్రంతా కుర్చీలు మోసిన వాచ్‌మన్ కుటుంబం అందులో ఉండాలి.

కష్టం కూడా రాయాలి

అన్నీ శుభాలే ఉన్న ఉత్తరాన్ని ఎవరూ నమ్మరు. అలాగని కష్టాల చిట్టా విప్పితే చదివేవాళ్ళు రాత్రి నిద్రపోరు. నాకు కుదిరిన పద్ధతి చెబుతాను. ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, ఫోన్‌లో అందరికీ తెలిసినా సరే, ఉత్తరంలో రాయాలి. ఆ మనిషి ఎలా పోయారన్నది ఒక్క వాక్యం, ఎలా బతికారన్నది మూడు వాక్యాలు. దాన్ని చివర పెట్టకండి, మధ్యలో పెట్టండి. తర్వాత పిల్లల మాటలు, ఊరి మాటలు రావాలి.

2023లో మా ఆయన ఆరు నెలలు ఉద్యోగం లేకుండా ఉన్నారు. రాయాలా వద్దా అని నేను తటపటాయించాను. ఆయనే రాయమన్నారు. "మార్చిలో ఉద్యోగం పోయింది. సెప్టెంబరులో దొరికింది. ఆ ఆరు నెలలూ పిల్లలకి లెక్కలు ఆయనే చెప్పారు, సాయంత్రం టీ కూడా ఆయనే పెట్టారు." అంతే రాశాం. ఉత్తరం వెళ్ళిన పది రోజుల్లో ఇద్దరు అన్నదమ్ముల వరస వాళ్ళు విడివిడిగా ఫోన్ చేశారు, తమకీ అదే జరిగిందని, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదని.

జబ్బు గురించి ఆ జబ్బు ఉన్నవాళ్ళు ఒప్పుకుంటేనే రాయండి. ఆస్తి తగాదాలు, అప్పులు, కుదరని పెళ్ళిసంబంధాలు, ఇంకా బయటపెట్టని కడుపు సంగతి ఉత్తరంలోకి రాకూడదు. మా చెల్లెలు వేరే కంపెనీకి మారుతోందని ఒక ఏడు రాసేశాను. అది అప్పటికింకా వాళ్ళ అత్తగారింట్లో చెప్పలేదు. దానికి ఎంత ఇబ్బందయిందో తెలిశాక, ఉత్తరంలో ఎవరి పేరున్నా ఆ పేరాని ముందుగా వాళ్ళకి పంపి, సరేనన్నాకే ఖాయం చేస్తున్నాను.

మొదలు, చివర

పాత ఉత్తరాల్లో పైన 'శ్రీరామ' ఉండేది, కుడివైపు ఊరు, తేదీ ఉండేవి. తర్వాత "ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. ఉభయకుశలోపరి..." అని మొదలయ్యేది. ఇరువైపుల క్షేమం తర్వాతే మిగతా మాట అని దాని అర్థం. నేను ఆ వాక్యం ఉంచాను. శుభవార్తలున్న ఏడు కాగితం నాలుగు మూలలా పసుపు కూడా రాస్తాను. పెద్దవాళ్ళ చేతికి అందగానే, విప్పకముందే, మంచి కబురని తెలిసిపోతుంది.

చివర మాత్రం పాత పద్ధతి చాలదు. "మీ క్షేమసమాచారాలు తెలుపగలరు" అంటే ఎవరూ రాయరు. అడగాల్సింది సూటిగా అడగండి. "దొడ్డమ్మా, నీ చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఎవరింటికి వెళ్ళేవారు?" "బాబాయ్, పెరట్లో పనస ఈ ఏడు కాసిందా?" అచ్చయిన ఉత్తరం కింద రెండు అంగుళాల ఖాళీ వదిలి, ఒక్కొక్కరికీ ఒక్కో ప్రశ్న చేత్తో రాయండి. నలభై ఇళ్ళకి నలభై ప్రశ్నలంటే రెండు సాయంత్రాల పని. జవాబులు వచ్చేది ఆ రెండు సాయంత్రాల వల్లే.

రాశాక ఒకరోజు పక్కన పెట్టి, తర్వాత గట్టిగా చదవండి. ఊపిరి అందని వాక్యాన్ని రెండు చేయండి. మొత్తం వెయ్యి మాటలు దాటనివ్వకండి.

అచ్చు, పంపకం

తెలుగు టైపింగ్ రానివాళ్ళు ఫోన్లో జీబోర్డ్ అనే గూగుల్ కీబోర్డు పెట్టుకుని, భాష తెలుగు ఎంచుకుని, మైక్ నొక్కి మాట్లాడితే అదే రాస్తుంది. పేర్లు, ఊళ్ళు, ఫుల్‌స్టాపులు తర్వాత చూసుకోవాలి. గూగుల్ డాక్స్‌లో పెట్టుకుంటే మండలి లాంటి చదవడానికి వీలైన ఫాంటు దొరుకుతుంది. అక్షరం 14 పాయింట్లు ఉండాలి. కళ్ళు సరిగా కనిపించని పెద్దవాళ్ళ కోసం 20 పాయింట్లతో ఇంకో ప్రతి తీయండి.

డీటీపీ షాపుకి వెళ్ళేవాళ్ళకి ఒక హెచ్చరిక. చాలా షాపుల్లో ఇప్పటికీ 'అను' అనే పాత పద్ధతి ఫాంట్లే వాడతారు. మనం ఫోన్లో రాసేది యూనికోడ్ అనే వేరే పద్ధతిలో ఉంటుంది. దాన్ని అక్కడ అతికిస్తే అక్షరాలు చెదిరిపోతాయి. మా మొదటి ఉత్తరం అలాగే పాడైతే షాపు అబ్బాయి మళ్ళీ మొదటి నుంచి కొట్టాడు, అందులో తప్పులు దొర్లాయి. మీరే పీడీఎఫ్ చేసి తీసుకెళ్ళి ప్రింట్ మాత్రం తీయమనండి.

ఫొటోలు నాలుగు చాలు. మనుషులు ఏదో పని చేస్తూ ఉన్నవి ఎంచుకోండి, వరసగా నిలబడి ఉన్నది ఒక్కటే ఉంచండి. 80 జీఎస్ఎమ్ (కాగితం మందానికి కొలత) ఏ4 కాగితం ఒక్కోటి 5 గ్రాములు ఉంటుంది. రెండు కాగితాలకి రెండువైపులా అచ్చు వేస్తే నాలుగు పేజీలు, 10 గ్రాములు. కవరుతో కలిపినా 20 గ్రాములు దాటదు, స్టాంపు అంటిస్తే మామూలు పోస్టులో వెళ్తుంది. అడ్రసులో పిన్‌కోడ్ తప్పకుండా రాయండి.

వాట్సాప్‌లో పంపేవాళ్ళకి ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి. పదిహేను నిమిషాల్లో శుభాకాంక్షల కింద కూరుకుపోతుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్టు చేసుకుంటే ఎవరికి వాళ్ళకి విడిగా అందుతుంది. మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది కాబట్టి ముందు కనుక్కోండి. చదవలేని పెద్దవాళ్ళకి ఉత్తరాన్ని మీ గొంతుతో చదివి వాయిస్ మెసేజ్ పంపండి. పిల్లల పేరా పిల్లలే చదవాలి. దొడ్డమ్మకి కాగితమూ పంపుతాను, గొంతూ పంపుతాను. ఆవిడ మధ్యాహ్నం పక్కింటి పిల్లని పిలిచి ఫోన్ పెట్టించుకుంటుంది.

వచ్చిన జవాబుల్ని దాచుకోండి

ఉత్తరాలు రాసేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతావాళ్ళు ఫోన్ చేస్తారు. ఫోన్ పెట్టగానే వాళ్ళు చెప్పింది నాలుగు లైన్లు, తేదీ వేసి, ఆ ఏటి ఉత్తరం వెనకవైపు రాసుకోండి. పడవ దాటి కాలేజీకి వెళ్ళిన అమ్మాయి కథ, పెరట్లో పనస కథ అలాగే మిగిలాయి. రెండు వారాలైనా జవాబు రానివాళ్ళకి మీరే ఫోన్ చేయండి, వాళ్ళ కాగితం మీద రాసిన ప్రశ్నే మళ్ళీ అడగండి.

ఈ ఉత్తరాలు దాచడానికి మా ఇంట్లో ఫైలు లేదు. నాన్నగారి ఇనప తీగ తెచ్చి హాల్లో కొక్కేనికి తగిలించాం. ఉగాది పచ్చడి తిన్నాక కొత్త ఉత్తరం తీగకి గుచ్చే పని మా బాబుది.